అక్క మీసాలు, అమ్మ పాకం

మా అక్కకి మీసాలుండేవి. ఈ మాటతో మొదలుపెట్టానని తెలిస్తే ఇప్పటికీ నా వీపు విమానం మోత మోగిస్తుంది. మోగించనీ, ఉన్నమాటే కదా! కోరమీసాలేం కావు. పై పెదవి మీద నల్లటి నూగు, అంతే. దగ్గరగా చూస్తే తప్ప తెలిసేది కాదు. కానీ అద్దానికి దూరంగా నిలబడి మొహం చూసుకునే ఆడపిల్ల ఎక్కడుంటుంది చెప్పండి?

దాన్ని "మీసాలక్కా" అని మొదట పిలిచింది చెల్లెల్నైన నేనే. నాకప్పుడు అయిదేళ్లు. అందరూ నవ్వారు. అందరూ నవ్వారు కదా అని నేను పదేళ్లపాటు అదే పిలుపు పిలిచాను.

నేను చెప్పబోయేది పందొమ్మిది వందల ముప్ఫైల చివర్లో సంగతి. మాది ఏలూరు. నాన్నగారు పోస్టాఫీసులో గుమాస్తా. తాతల నాడే మిషన్ గుడిలో చేరిన కుటుంబం కాబట్టి ఆడపిల్లల చదువుకి మా ఇంట్లో అడ్డు చెప్పినవాళ్లు లేరు. అక్క టీచర్ ట్రైనింగులో చేరింది. పాఠం చెప్పడమంటే దానికి పిచ్చి. ఇంట్లో ఎవరూ దొరక్కపోతే పెరట్లో కోళ్లకి ఎక్కాలు చెప్పేది. ట్రైనింగ్ చివర రెండు నెలలు తాడేపల్లిగూడెంలో ఒక బడికి పంపించి, అక్కడి పిల్లలకి పాఠాలు చెప్పించారు.

ఒకరోజు నాన్నగారు ఆఫీసు పనిమీద గూడెం వెళుతుంటే, అమ్మ చేసిన పులిహోర పట్టుకుని నేనూ రైలెక్కాను. అక్క క్లాసులో ఉంది. చేతిలో సుద్దముక్క, ఎదురుగా నోళ్లు తెరుచుకుని వింటున్న పిల్లలు. అంత గొప్పగా దాన్ని ఎప్పుడూ చూడలేదేమో, నాకు సంతోషం ఆగలేదు. గుమ్మంలోంచే కేకేశాను, "మీసాలక్కా! పులిహోర తెచ్చానే!"

పిల్లలు నా వైపు చూశారు. తర్వాత అందరూ కలిసి అక్క మూతి వైపు చూశారు. మర్నాడు నల్లబల్ల మీద మెలితిరిగిన మీసాల బొమ్మ ఉందట. ఆ రెండు నెలలు పూర్తయ్యేదాకా వీధిలో, గుళ్లో, రైలు స్టేషన్లో కూడా అక్క "మీసాల పంతులమ్మ"గానే తిరిగింది. నామీద అరిచినా బాగుండేది. అరవలేదు.

అలాంటి సమయంలో జూన్‌లో ఉద్యోగం ఉత్తరం వచ్చింది. కొల్లేట్లో ఒక లంక గ్రామం, చిన్న బడి, పంతులమ్మ ఒక్కతే. బడి తెరిచే రోజుకి చేరకపోతే ఉద్యోగం మరొకరికి ఇస్తారు. ఇంకా పది రోజులుంది. నాన్నగారు ఆ ఉత్తరాన్ని వీధిలో కనపడ్డవాళ్లందరికీ చదివి వినిపించి ఇంటికొచ్చేసరికి, అక్క మంచమ్మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"నేను వెళ్లనండి నాన్నగారూ. ఈ మూతితో ఇంకో బడిలో నిలబడలేను. చస్తే నిలబడను."

"మూతికేమైందమ్మా?" అన్నారాయన, పాపం నిజంగానే తెలియక.

అమ్మకి తెలుసు. శనగపిండి, మీగడ, సున్నిపిండి, అన్నీ ఏళ్ల తరబడి రుద్దింది. అక్క మూతి నున్నబడింది, మీసాలూ నున్నబడ్డాయి. నాన్నగారి మంగలికత్తి మాట నేనెత్తితే అమ్మ కయ్యిమంది. గీసిన కొద్దీ గరుగ్గా మొలుస్తాయట. తిక్క రేగి అడిగాను, మరేం చెయ్యమంటావని. నావల్ల మొదలైన గొడవ కదా, తీర్చాల్సింది కూడా నేనేనని నాకు లోపల పీకుతూనే ఉంది.

ఆసుపత్రి నర్సమ్మగారు మా గుడికే వచ్చేవారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ కొంగు పట్టుకున్నాను. "దొరసానులు చేతులకీ కాళ్లకీ వ్యాక్సు వేసి లాగించుకుంటారు, చూశాను. వెంట్రుక అన్నది ఉండదు," అని ఆవిడ హడావిడిగా వెళ్లిపోయారు.

వ్యాక్సు! మా ఇంట్లో వ్యాక్సు అంటే ఒకటే. పార్సిళ్ల ముడుల మీద కరిగించి పోసి, పైన ముద్ర కొట్టే ఎర్ర లక్క పుల్ల. నాన్నగారు రోజూ "సీలు వ్యాక్సు అయిపోయింది, సీలు వ్యాక్సు రాలేదు" అనడం చెవులారా వింటున్నాం. ఆయన సంచీలోంచి ఒక పుల్ల కొట్టేసి, అక్కని పెరట్లోకి లాక్కెళ్లాను. అక్క తెలివైంది. "ముందు నీ చేతిమీద," అంది. కాదనే మొహం నాకు లేదు. ఎడమ చెయ్యి చాపాను. అక్క దీపం మీద పుల్ల పెడితే, టపటపా రెండు బొట్లు పడగానే నేను పెట్టిన కేకకి పక్కింటి గేదె తాడు తెంపుకుంది.

అది ఒంటికి అంటుకుని చల్లారి రాయయిపోయింది. లాగితే రాదు, గీకితే రాదు. సాయంత్రం నాన్నగారు ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకుని కళ్లజోడు సవరించుకున్నారు. "సీలు వేశారు బాగానే ఉంది. అడ్రసు రాయలేదేమే? ఎక్కడికి పంపిస్తున్నారు దీన్ని?" అన్నారు. మంచమ్మీద గోడవైపు తిరిగి ఉన్న అక్క భుజాలు కదిలాయి. నవ్వింది! నాకు బొబ్బ ఎక్కి మండిపోతున్నా, ఆ నవ్వు చూసి ప్రాణం లేచొచ్చింది.

నర్సమ్మగారు బొబ్బకి మందు రాయడానికి వచ్చి, తల కొట్టుకుని, అసలు సంగతి విడమరిచి చెప్పారు. వ్యాక్సంటే తేనెమైనం. కాస్త గుగ్గిలం కలిపి కరిగించి, వెంట్రుక మొలిచిన దిక్కుగా పూసి, పైన గుడ్డముక్క అద్ది, ఎదురుదిక్కుకి ఒక్క గుంజు గుంజాలి. జంగారెడ్డిగూడెం వైపు నుంచి తేనె తెచ్చి అమ్మే మనిషి దగ్గర మైనం దొరికింది. ఈసారి నా కుడి చెయ్యి, మోచేతి పైభాగం. గుంజితే వెంట్రుకలొచ్చిన మాట నిజం. వాటితోపాటు చర్మం పైపొర కూడా కొంత వచ్చింది. మిగిలిన మైనం నీళ్లకి పోదు, సబ్బుకి పోదు. నూనె పెట్టి రుద్దగా రుద్దగా రాత్రి భోజనాలవేళకి వదిలింది. మర్నాటికి ఆ మేరంతా కోడి తోలులా పొక్కులెక్కింది. "ఇది నా మూతికా!" అంది అక్క, మళ్లీ గోడవైపు తిరిగింది. అయిదు రోజులు మిగిలాయి.

అప్పుడు దొరికారు బీబమ్మగారు. మా ఊళ్లోనే తంగెళ్లమూడిలో తివాచీలు నేసే ఇంటి పెద్దావిడ. ఎప్పుడో వాళ్ల పూర్వీకులు పారశీక దేశం నుంచి వచ్చారని చెప్పేవారు. ఉన్ని పార్సిళ్ల విషయమై పోస్టాఫీసుకి రావడంతో నాన్నగారికి తెలుసు. నాన్నగారు ఏమని అడిగారో, ఎంత సిగ్గుపడుతూ అడిగారో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడ స్వయంగా మా ఇంటికొచ్చి, నా రెండు చేతులూ చూసి బుగ్గలు నొక్కుకున్నారు.

"పిల్లని కాల్చుకు తిన్నారు కదమ్మా! మా ఇళ్లల్లో పెళ్లికూతురికి పంచదారతోనే తీస్తాం. పంచదార, నిమ్మరసం, చుక్క నీళ్లు. పాకం పట్టాలి, అంతే."

పాకం అన్న మాట వినగానే అమ్మ నడుం బిగించింది. మా పేటలో అరిసెల పాకం చూడమని ఎవరు పిలిచినా వెళ్లేది అమ్మే. బీబమ్మగారు కొలతలు చెప్పబోతే, "పాకం నాకొదిలెయ్యండి, మీరలా కూర్చోండి," అంది. నీళ్లలో బొట్టు వేసి, ఉండ చేసి, అంచుకి కొట్టి చూసి దించింది. చల్లారాక బీబమ్మగారు ముద్ద తీసుకుని నా చేతికి పూశారు. జారిపోయింది. మళ్లీ పూశారు. మళ్లీ జారింది. ఆవిడ వేలు వాసన చూసుకుని అమ్మ మొహంలోకి చూశారు.

"అమ్మగారూ, నెయ్యి వేశారా?"

అమ్మ గరిటె వాసన చూసింది. "వేశానాండీ? చెయ్యి ఊరుకోదండీ, అలవాటు. యాలకులు కూడా వేసినట్టున్నాను," అంది చిన్నగొంతుతో. ఆ రోజంతా మేమూ, మా ఇంటికి వచ్చినవాళ్లూ అందరం ఆ పాకం నాక్కుంటూ తిరిగాం. ఏ మాటకామాటే చెప్పాలి, బ్రహ్మాండంగా ఉంది.

రెండో పాకానికి బీబమ్మగారు అమ్మని పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తేనెరంగు తిరగ్గానే దించి, గోరువెచ్చగా ఉండగా చేత్తో సాగదీసి, మడిచి, మళ్లీ సాగదీశారు. తిరనాళ్లలో జీళ్లవాడు సాగదీస్తాడే, అలాగ. ముద్ద తెల్లబడింది. నా కుడి చెయ్యి మోచేతి కిందిభాగానికి వెంట్రుక ఎదురుదిక్కుగా పూసి, మొలిచిన దిక్కుకే చటుక్కున ఎగరగొట్టారు. మైనానికి పూర్తిగా తలకిందులు! గుడ్డ లేదు, కాలడం లేదు. నొప్పి లేదని చెప్పను, అబ్బా అనిపించింది. కానీ మిగిలిన పాకం చెంబుడు నీళ్లతో పోయింది. రెండు గంటలు ఎర్రగా ఉండి తగ్గింది. మోచేతి పైన మైనం పొక్కులు, కింద పంచదార నునుపు. అక్క నా చెయ్యిని పంతులమ్మలా అటూ ఇటూ తిప్పి చూసి, "పంచదార," అని తీర్పు చెప్పింది.

ప్రయాణం ముందురోజు సాయంత్రం బీబమ్మగారు అక్క మూతికి పట్టించారు. అప్పుడే పట్టుకున్న గాలివానకి పాకం చెమ్మగిల్లి ఒక పట్టాన రాలేదు, ఒకేచోట నాలుగైదుసార్లు లాగాల్సి వచ్చింది. నూగంతా పోయింది. పోయింది కానీ పెదవి ఎర్రగా కంది వాచింది. "తెల్లారేసరికి తగ్గుతుందమ్మా, చెయ్యి పెట్టకు," అని ఆవిడ మరీమరీ చెప్పి వెళ్లారు. అక్క ఊరుకుంటుందా? అద్దం ముందు కూర్చుని తడుముకుంటూనే ఉంది.

తోడుగా నన్ను పంపించారు. బండిలో కొంతదూరం, ఆపైన తాటిదోనెలో. దారిపొడుగునా వాన. అక్క పమిట మూతికి అడ్డం పెట్టుకునే కూర్చుంది. ఊరు చేరేసరికి వాపు తగ్గకపోగా ఇంకాస్త పెరిగింది. మర్నాడే బడి తెరిచారు. తాటాకు పాక, నేలమీద పిల్లలు, వెనకాల గోడవారగా నేను. అక్క పమిట తియ్యకుండానే హాజరు పిలుస్తోంది. ఒక్క ముక్క ఎవరికీ అర్థం కావడం లేదు. ఇవాళ గనక వీళ్లు నవ్వారా, రేపు ఇది దోనెక్కి ఇంటికొచ్చేస్తుంది, ఇంక జన్మలో సుద్దముక్క పట్టుకోదు.

ముందు వరసలో ఓ పిల్ల లేచింది. "పంతులమ్మగారండీ, మీకు పన్ను నొప్పాండీ?"

ఔనని చెప్పమని నేను వెనకనుంచి బుర్ర ఊపుతున్నాను. అక్క నన్ను చూసింది. పమిట తీసేసింది.

"పన్ను కాదే. నాకు మూతిమీద మీసాలుండేవి. మొన్న పీకించుకున్నాను. అందుకే వాచింది."

నేను కళ్లు మూసుకున్నాను.

"దేంతో పీకించుకున్నారండీ?"

"పంచదార పాకంతో."

"పంచదారతోనాండీ!" అని పిల్లలందరూ ఒక్కసారి లేచారు. వాళ్ల మొహాల్లో వేళాకోళం లేదు, అంత పంచదార పాడుచేశారే అన్న బెంగ తప్ప. "తరవాత తినేశారాండీ?" అని ఒకడు, "మిగిలిందాండీ?" అని ఇంకొకడు. అక్క పగలబడి నవ్వింది. నవ్వితే పెదవి నొప్పెట్టి అబ్బా అంది, దాంతో పిల్లలూ నవ్వారు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

గుమ్మం పక్కన పదమూడేళ్ల పిల్ల మాత్రం నవ్వలేదు. అది కూడా పొద్దుటినుంచీ మూతికి పమిట అడ్డం పెట్టుకునే ఉంది. అందరూ సర్దుకున్నాక మెల్లిగా అడిగింది, "నాక్కూడా ఉన్నాయండీ. నాకూ తీస్తారాండీ?"

అక్క దగ్గరికెళ్లి, దాని గడ్డం పట్టుకుని వెలుగువైపు తిప్పి చూసింది. నిజంగానే ఉంది, నల్లటి నూగు. "నీకెందుకే తల్లీ! నీ మొహం చక్కగా ఉంది," అంది.

"మరి మీరెందుకు తీయించుకున్నారండీ?"

అక్క ఆ పిల్ల గడ్డం మీంచి చెయ్యి తియ్యలేదు. "నాకెవరూ ఈ మాట చెప్పలేదే," అంది. నా వైపు చూడలేదు. చూసి ఉంటే ఏమయ్యేదో గానీ, చూడకపోవడమే నాకు భరించరానిదైంది. లేచి బయటికెళ్లి, తాటిదోనె పక్కన చతికిలబడి, వెక్కివెక్కి ఏడ్చాను. లోపల పిల్లలు అక్క వెంట "అ ఆ" అని గొంతులు చించుకుంటున్నారు.

బడి వదిలాక అక్క బయటికొచ్చింది.

"అక్కా, నీ మొహం చక్కగా ఉంటుందే," అన్నాను, ముక్కు చీదుకుంటూ.

"మూతి వాచి చస్తుంటే ఇప్పుడా చెప్పడం?" అని నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఆ చెయ్యి అక్కడే ఉంచేసింది.