కాఫీ అంగడిలో పెదనాయన

ఆ రోజుల్లో తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాడికి ఇంట్లో చోటు తప్ప అన్నీ ఉండేవని నా అభిప్రాయం. (ఇప్పుడూ అంతే. అభిప్రాయం చెప్పడం మాత్రం మానేశాను.) దర్శనానికి వచ్చిన బంధువులు హాల్లో, వాళ్ల చెప్పులు వరండాలో, వాళ్ల తడి తువ్వాళ్లు నా పుస్తకాల మీద. డిగ్రీ ముగించి ఉద్యోగం వెతుక్కుంటున్న నేను ఎక్కడుండాలో ఎవరూ ఆలోచించలేదు. అలా వీధులు పట్టుకు తిరుగుతుంటే మా వెనక వీధిలోనే ఒక కాఫీ అంగడి కనబడింది. ఒక అక్క తన ఇంటి ముందుగదిలో మూడు బల్లలు వేసి నడుపుతోంది. బోర్డు లేదు, టీవీ లేదు, కిటికీకి సన్నజాజి తీగ ఉంది. అన్నిటికంటే గొప్ప సంగతి, అక్కడెవరూ "దర్శనం టికెట్లు ఏమన్నా దొరుకుతాయా అబ్బా" అని అడగలేదు. కాఫీ కూడా బాగుండేది. బెంగళూరు కంపెనీవాళ్లు ల్యాప్‌టాప్‌లోనే ఇంటర్వ్యూ చేస్తామన్నప్పుడు (అన్ని దరఖాస్తులకూ వచ్చిన ఒకే ఒక్క పిలుపది) కిటికీ పక్క బల్ల ఖాయం చేసుకున్నాను.

ముందురోజు సాయంత్రం పలమనేరు నుంచి పెదనాయన ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని దర్శనానికని దిగకపోయుంటే అంతా సవ్యంగానే జరిగేది. ఆయనది పాలవ్యాపారం. కాఫీ విషయంలో ఆయన తీర్పుకు అప్పీలు లేదు. అమ్మ ఇచ్చిన కాఫీ ఒక గుక్క తాగి, "ఏమ్మా, నీళ్లకు పాలు సూపించినావా?" అన్నాడు. అమ్మ మొహం చూడలేక, "వెనక వీధిలో ఒక అంగడి ఉండాది పెదనాయనా, ఆడ కాఫీ బాగుంటాది" అని నోరు జారాను. ఆయన తన గుబురు మీసం తుడుచుకుంటూ "సూద్దాంలే" అన్నాడు.

మర్నాడు ఇంటర్వ్యూ. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మెడలో ఎవరిదో టై. అడుగుతున్న ప్రశ్నలు కష్టమైనవి, అడుగుతున్నావిడ ఇంకా కష్టమైనది. చివరి జవాబులో ఉండగా ముగ్గురు గుండ్లవాళ్లు తలలమీద గంధంతో వచ్చి నా వెనక బల్ల దగ్గర కూర్చున్నారు. తిరుపతిలో గుండ్లను ఎవరూ విడివిడిగా చూడరు. వాళ్లలో ఒకాయన నా మీదికి వంగి ఏదో అంటున్నాడు. ఒక చెవి ఖాళీ చేసుకుని, చేతనైనంత మర్యాదగా, "అయ్యా, టికెట్ల సంగతి నాకు తెలీదు. కొంచెం అవతల కూచోండి" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఏమ్రా, మీసం బోతే పెదనాయన గూడా పొయ్యినట్టేనా?"

తలనీలాలతోపాటు మీసం కూడా స్వామికి ఇచ్చేస్తాడని నాకెవరు చెప్పారు? ఆ మీసం లేకుండా ఆయన్ను మా నాయన కూడా ఎప్పుడూ చూసి ఉండడు. నేను తేరుకునేలోగా కుర్చీ లాక్కుని కెమెరా ముందుకొచ్చేశాడు.

"ఎవర్రా ఈయమ్మ?"

"ఇంటర్వ్యూ పెదనాయనా. ఉద్యోగానికి."

"ముందే చెప్పగూడదా?" అని తెరవైపు తిరిగాడు. "నమస్తే మేడం. వీడు మా తమ్ముని కొడుకు. మనుషుల్ని గుర్తుపట్టేది ఒక్కటే రాదు, మిగతా పనులన్నీ చేస్తాడు. తీసుకోండి." అక్క ఆయన ముందు కాఫీ పెట్టింది. ఒక గుక్క తాగి, "కాఫీ బాగుండాది. మీరు దర్శనానికొస్తే ఈడికే రాండి" అని కూడా చెప్పాడు. తెరమీద మేడం ముఖంలో ఏ మార్పూ లేదు. "తర్వాత తెలియజేస్తాం" అని మాయమైంది.

వారం తిరక్కుండా ఉద్యోగం వచ్చింది. ఆవిడ అడిగినవాటికి నేను సరైన జవాబులే చెప్పాను. కానీ ఆ సంగతి మా వంశంలో ఎవరికీ అక్కర్లేదు. ఏ పెళ్లికి వెళ్లినా పెదనాయన నన్ను చూపించి, "నేను మాట్లాడితేనే ఇచ్చినారు" అంటాడు. మొదట్లో వాదించేవాణ్ణి, తర్వాత పళ్లు నూరేవాణ్ణి, ఇప్పుడు తల ఊపుతున్నాను. మొన్న బెంగళూరులో మా ఇంటికొచ్చినప్పుడు, "ప్రమోషన్ ఇంకా రాలేదంట కదరా. ఆ మేడం నంబరుంటే ఇయ్యి, నేను మాట్లాడతా" అన్నాడు. ఫోను తీసి నంబరు వెతకడం మొదలుపెట్టాక గానీ, నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు.