ఆ పిల్ల మాటకు నేను చెప్పిన అర్థం

ఇన్నేళ్లుగా ఇది గొంతులో ముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు, అందుకే నీకు చెబుతున్నాను. మధ్యలో లేచి వెళ్లిపోకు.

కర్ణాటకలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న బాగేపల్లిలో ఓ చిన్న రేడియోలో పిల్లల హక్కుల కార్యక్రమం చేసేదాన్ని. పక్క ఊళ్లో తొమ్మిదో తరగతి పిల్లకు పెళ్లి కుదిర్చారని తెలిసి, పేరు చెప్పకుండా రేడియోలో గట్టిగా మాట్లాడాను. అధికారులు వెళ్లి ఆపారు. తర్వాత నేనూ వాళ్లింటికి వెళ్లి ఆ పిల్లతో మాట్లాడి వచ్చాను. ఇక నా గొప్ప చూడాలి! కాళ్లు నేల మీద ఆనలేదు. పెద్ద అధికారి మమ్మల్ని మెచ్చుకోవడానికి స్టూడియోకే వచ్చాడు.

ఆయన ధారవాడ వైపు మనిషి, తెలుగు ముక్క రాదు. మర్నాడు వినిపించడానికి రికార్డు చేస్తున్నాం. శ్రోతలు ఫోన్‌లో తెలుగులో మాట్లాడితే నేను ఆయనకు కన్నడలో చెప్పాలి. అప్పుడు ఆ పిల్ల ఫోన్ చేసింది. గొంతు గుర్తుపట్టి మురిసిపోయాను, పిచ్చిమొహాన్ని.

“అక్కా, మావోళ్లు మళ్లీ ఒప్పుకున్నారక్కా. రేపు పొద్దున్నే ఆంధ్రాకి పిల్చుకొని పోయి పెండ్లి చేస్తారంట. ఆ సార్‌కి చెప్పక్కా. నాకు భయమైతాండాది.”

ఏమంటోందని ఆయన నవ్వుతూ అడిగాడు.

చెప్పి ఉంటే ఏమయ్యేది? జీపు కదిలేది, అంతే కదా. కానీ ఆ క్షణంలో నాకు పిల్ల కనబడలేదు. పెళ్లి ఆపింది మేమేనని ఊరూరా చాటుకున్న నా నోరు, ఎదురుగా ఆయన ముఖం మాడిపోవడం, నా పరువు, ఇవే కనబడ్డాయి. ముందు ఈ గండం గడవనీ, సాయంత్రం నేనే వెళ్లి వాళ్ల నాయనతో మాట్లాడతాను అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక అబద్ధానికి ముందే సాకు వెతుక్కున్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

“మీకు థ్యాంక్స్ చెబుతోంది సార్,” అన్నాను కన్నడలో.

ఆ పిల్ల ఇంకా ఫోన్‌లోనే ఉంది. కన్నడ బడిలో చదివే పిల్ల. నేనన్న ప్రతి మాటా అర్థమైంది. తనే కన్నడలో చెప్పి ఉండొచ్చు కదా అని ఎన్నోసార్లు ఆ పిల్ల మీదే కోపం తెచ్చుకున్నాను. ఎంత సిగ్గులేనిదాన్ని! నమ్ముకున్న అక్కే అట్లా అన్నాక ఇంకెవరికి చెప్పుకుంటుంది?

ఆ పిల్ల మెల్లగా “సరేలే అక్కా” అని పెట్టేసింది.

సాయంత్రం నేను వెళ్లలేదు. అధికారికి భోజనం, శాలువా, ఫొటోలు. మర్నాడు వెళ్తే ఇంటికి తాళం వేసి ఉంది. ఆ ఫోన్ ముక్కను నా చేత్తోనే తీసేసి మిగతాది వినిపించాను. చాలా బాగుందన్నారు. పిల్ల మళ్లీ బడికి రాలేదు. ఎక్కడుందో, ఎట్లా ఉందో అడిగే ధైర్యం నాకు ఈ రోజుకీ లేదు. అంత జరిగాక కూడా “భయపడకండి, మాకు ఫోన్ చేయండి” అని పిల్లలకు రేడియోలో ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాను.

నన్ను క్షమించమని నిన్ను అడగను. అది నీ చేతిలో లేదు. ఈ మాట ఒక్కసారైనా నా నోట బయటికి రావాలి, అంతే.

సార్, ఆ పిల్ల థ్యాంక్స్ చెప్పలేదు. కాపాడమంది. నేను విన్నాను.