బ్యాటరీ తీగ పీకే అలవాటు

వాక్కునిచ్చిన తల్లికి, తప్పు పట్టి దిద్దిన పెద్దలకు నమస్కరించి, విశ్వావసు నామ సంవత్సర ఆషాఢ శుద్ధ ఏకాదశినాడు ఇది వ్రాస్తున్నాను.

ఈ ఉదయం మా మనుమరాలి కారులో ఇంజను దీపం వెలిగింది. ఆమె ఏదో చిన్న పరికరాన్ని స్టీరింగు క్రింద తగిలించి, లోపమేమిటో ఫోనులో చదువుకొని, ఆఫీసుకు వెళ్ళిపోయింది. అంత సులువుగా తెలిసే సంగతి కోసం పద్దెనిమిదేళ్ళ క్రితం, సర్వజిత్తు నామ సంవత్సరపు వేసవిలో, నేను పడిన పాట్లు జ్ఞప్తికి వచ్చాయి.

అప్పటికి నేను తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేసి, ముదినేపల్లిలో మా అక్కగారిని కనిపెట్టుకొని ఉండేవాడిని. ఆమెకు వారానికి రెండుమార్లు ఏలూరు ఆసుపత్రిలో డయాలసిస్ చేయించవలసి వచ్చేది. కైకలూరు దాటి కొల్లేటి మీదుగా పోతుండగా, ఎండ ముదిరిన వేళ, మా కారు ఉన్నట్టుండి ఆగిపోయేది. చల్లబడ్డాక ఏమీ ఎరుగనట్లు కదిలేది. ఒకనాడు ఎంతకీ కదలకపోతే, చేపల లారీని ఆపి అక్కగారిని అందులో ఎక్కించుకొని వెళ్ళాను. చేరేసరికి ఆమెకు ఆయాసం పట్టింది. మరొకసారి ఇంత ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని డాక్టరుగారు చెప్పారు.

ఏలూరులో మరమ్మతుల షెడ్డు నడిపే ముస్లిం పెద్దమనిషి ఒకరు, నా పూర్వ విద్యార్థి తండ్రిగారు, అక్కగారిని ఇంట దిగబెట్టి మర్నాడు నేను తీసుకువెళ్ళిన కారుకు మూడుమార్లు తన కంప్యూటరు తగిలించి చూసి, ఒక్క లోపమూ నమోదు కాలేదన్నారు. నాలుగోమారు కారును వదిలి నన్ను పరీక్షించారు.

“మాస్టారూ, ఇంటికెళ్ళాక బ్యాటరీ తీగ గానీ పీకుతున్నారాండీ?”

పీకుతున్నానన్నాను, కొంత గర్వంగానే. ఎలుకలు తీగలు కొరికినా నిప్పు పుట్టకూడదని మా నాన్నగారి పాత కారునాటి నుంచి మా ఇంట అది నియమం.

“రోగిని తెస్తున్నారు గానీ, రోగం సంగతి ఇంటి దగ్గరే తుడిచేసి వస్తున్నారండీ,” అని ఆయన నవ్వారు.

ఇంజనును నడిపే కంప్యూటరు పెట్టె ఒకటి కారులోనే ఉంటుందట, దానిలో జ్ఞాపకం మూడు తెరగులట. కర్మాగారంలో వ్రాసి ఇచ్చిన విధులు కరెంటు లేకున్నా చెరగవు. అప్పటికప్పుడు వేసుకునే లెక్కలు తాళం తిప్పి ఇంజను ఆపగానే పోతాయి. నడకలో తాను నేర్చుకున్నవీ, కనిపెట్టిన లోపాలూ మాత్రం బ్యాటరీ నుంచి వచ్చే సన్నని ధార మీద ఆధారపడి నిలుస్తాయి. ఆ ధారనే నేను ప్రతి సాయంత్రం తెంపుతున్నాను.

ఇక తీగ ముట్టుకోకుండా, ఆగిన రోజునే తిన్నగా రమ్మన్నారు. అక్కగారిని ఎక్కించుకొని కారు ఆగాలని ఎలా కోరుకోను? ఒంటరిగా వెళ్తానంటే ఆమె, “నేను లేకపోతే అది ఆగదురా, దాని కోపమంతా నామీదే,” అంది.

అయినా ఆమెను ఇంటనే ఉంచి, మిట్టమధ్యాహ్నం కొల్లేటి దారిలో రెండుమార్లు అటూ ఇటూ తిరిగాను. మూడోమారు ఆగింది. కారు ఆగినందుకు సంతోషించడం నా జీవితంలో అదొక్కసారే. చల్లబడ్డాక ఏలూరు చేర్చాను. ఇంజను తిరుగుడును కనిపెట్టే సెన్సరు వేడికి పనిచేయడం మానుతున్నట్లు పెట్టె చెప్పింది. ఆయన దాన్ని మార్చారు.

నేడు ఫోను యంత్రాన్ని అడిగి ఊరుకుంటుంది. ఇంటికెళ్ళి మీరేం చేస్తారని మనిషిని అడిగేవారు అరుదయ్యారు.

ఆ సంవత్సరం జ్యేష్ఠ మాసం మొదలు అక్కగారి ఏలూరు ప్రయాణం ఒక్కటీ తప్పలేదు. దాదాపు మూడేళ్ళ తరువాత, విరోధి నామ సంవత్సర మాఘ బహుళ పంచమినాడు ఆమె ఇంటివద్దనే, నిద్రలో, కన్నుమూసింది.