హరిబాబు తాత ముంచని పడవ

మా పక్కవాటా హరిబాబు తాత ఏ పనీ సగంలో వదలడు, ఒక్క తన నవల తప్ప. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన దగ్గర్నుంచి, పద్నాలుగేళ్ళుగా, ఏదో మంచుదేశంలో రెండొందల ఏళ్ళ కిందటి తిమింగలాల వేటగాళ్ళ కుటుంబం మీద రాస్తున్నాడు. ఇన్నేళ్ళలో కథ నలభై రోజులు నడిచింది.

మొదటి అధ్యాయంలోనే ఈటె దిగిన తిమింగలం ఎనిమిదిమందితో ఉన్న పడవని పొగమంచులోకి లాక్కుపోయింది. అంతే. ఆ పడవ ఒడ్డుకి రాదు, మునగదు. ఒడ్డున మాత్రం సంసారాలు సాగుతుంటాయి. ఆ మంచుదేశపు ఆడవాళ్ళు ఎండుచేపల పులుసు కాచుకుంటారు, తిమింగలం నూనెతో దీపాలు పెడతారు, అచ్చం శ్రీకాకుళం యాసలో తగువులాడుకుంటారు.

"తిమింగలం ఎంతుంటుంది తాతా?" అని ఓసారి అడిగాను.

"బోగీ అంత."

"పిల్ల తిమింగలం?"

"ట్రాలీ అంత."

"అల?"

"సిగ్నల్ స్తంభమంత. ఇన్నడుగుతున్నావు, రాసుకోవేటి?"

రోజూ సాయంత్రం అరుగు మీద చదివేవాడు. వినేది ఇద్దరమే: డెబ్భై దాటిన ఎదురింటి దాలమ్మ, రెండేళ్ళ పాపని ఒళ్ళో పెట్టుకుని నేను. నేను ఫిజిక్స్ చదివినదాన్ని. పాప తుమ్మితే థర్మామీటరు పెట్టేదాన్ని. పడవలో రెండు పీపాల నీళ్ళే ఉన్నాయని విని ఊరుకోలేకపోయాను.

"నాలుగొందల లీటర్లు, ఎనిమిదిమంది, మనిషికి రోజుకి రెండు లీటర్లు. ఇరవై ఐదో రోజుకి నీళ్ళు అయిపోతాయి. ఈపాటికి ఒక్కడూ బతికి ఉండడు తాతా!"

దాలమ్మ మరమరాల పళ్ళెం కింద పెట్టి లేచి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అన్నం కూడా ముట్టడం లేదని తెలిసింది.

"ఎంత పని సేసినావమ్మా!" అన్నాడు తాత. "ఆయమ్మ కొడుకు మోహనకృష్ణ ఓడలో పనికెల్లినాడు. పద్నాలుగేళ్ళయింది. ఓడ జాడే నేదు."

"అలాగైతే పడవని ఒడ్డుకి చేర్చెయ్యొచ్చుగా?"

"సేరిందని రాస్తే రేపట్నుంచీ తలుపు తీసుకుని కూకుంటాది. ముంచీమంటావా? నా సేత్తోనా?"

నోటుబుక్కు అడిగి తీసుకున్నాను. మధ్యాహ్నం పాప నిద్రపోయినప్పుడు రాసి, సాయంత్రం దాలమ్మ గుమ్మంలో కూర్చుని చదివాను: "ఇరవై నాలుగో రోజున వాన పడింది."

దాలమ్మ తలెత్తింది. "ఏపాటి వానమ్మా?"

"బోగీ ట్యాంకు నిండేంత."

నా వెనకనుంచి తాత, "షాబాష్!" అన్నాడు.

"అయితే తాగినారు," అంది దాలమ్మ.

"కడుపునిండా తాగారు."

ఆమె ముందుకి జరిగింది. "మరి తడిసిపోనారు గదా. జొరం రాదేటి?"

"ఆ పడవలో థర్మామీటరు నేదు, అది మాత్రం పెట్టకు," అని తాత నన్ను హెచ్చరించాడు.

"తలలు తుడుసుకోమని రాయమ్మా," అంది దాలమ్మ.

అక్కడే కూర్చుని రాశాను. ఎనిమిదిమందికీ ఒక్కొక్కరికీ తల తుడిచాను. అందరికన్నా చిన్నవాడికి రెండుసార్లు. దాలమ్మ మరమరాల డబ్బా మూత తీసింది.

తాత పేజీలు తిప్పి లెక్కపెట్టాడు. "ఒక్క వానకే నాలుగు పేజీలా! నువ్వు సెయ్యేస్తే ఈ నవల ఈ జన్మకి అవదు," అని, మహా సంతోషంగా, పెన్ను నాకే ఇచ్చేశాడు.