చెవి మీద చెయ్యి

మొయినాబాద్ దగ్గర మా ఊరి చర్చిలో ఏళ్లుగా పాట ఎత్తుకునేది మా మేనమామ. ఈమధ్య ఆయనకు చెవులు మందగించి, డోలక్ ఒక దారిన, పాట ఇంకో దారిన పోతున్నాయి. వచ్చే ఆదివారం కూడా ఇలాగే అయితే పాటను కీబోర్డు వాయించేవాళ్లకు అప్పజెబుతామని సంఘం పెద్దలు చెప్పి వెళ్లారు. ఆ పూట మామ అన్నం ముట్టలేదు.

ఆయన అల్లుడు మోకిలలో ప్లాట్లు అమ్ముతాడు. సంగతి తెలిసి, చెవిలో పెట్టే కొత్త మిషన్ పట్టుకొచ్చాడు. దానికి మీటలుండవట. చెవి దగ్గర వేళ్లు ఆడిస్తే శబ్దం పెరుగుతుందట, అరచెయ్యి అడ్డం పెడితే ఆగిపోతుందట. ఈగలు తోలుకుంటున్నట్టు చేతులాడిస్తూ చూపించాడు. ఒక గుండీ పెట్టడానికి ఏం రోగమని అడిగాను.

"నువ్వింక లైబ్రరీలనే ఉన్నవన్న. దునియా యాడికో పోయింది" అన్నాడు.

ఫోను తప్ప ఏదీ చదవని మనిషి ఎగతాళికి నేను నొచ్చుకోను.

ఆదివారం మామ పల్లవి చక్కగా అందుకున్నాడు. తాళం ఎక్కడా తప్పలేదు. చరణంలో గొంతు పైకి లేవగానే, అలవాటుగా అరచెయ్యి చెవికి ఆనించాడు. మిషన్ వెంటనే నోరు మూసుకుంది. డోలక్ వినబడక, విందామని మామ చెయ్యి చెవి వెనక్కి జరిపాడు. అది ఇంకేం అర్థం చేసుకుందో, పలకనే లేదు. పాట ఆగిపోయింది.

మన గొంతు మనకు గాలిలోంచే కాదు, తల ఎముకల్లోంచి కూడా వినిపిస్తుందని చేవెళ్ల గ్రంథాలయంలో చదివాను. చెవి మూస్తే అది ఇంకా బాగా తెలుస్తుంది. పాడేవాళ్లు చెవి మీద చెయ్యి వేసుకునేది అందుకే. ఆ మిషన్ చేసిన మేధావులు పాడే మనిషిని ఒక్కసారైనా చూసినట్టు లేదు. అల్లుడు ప్రతి పండక్కీ చూశాడు, అయినా ఆయన బుర్రకెక్కలేదు.

"ఒక్క నిమిషం మామా, సెట్టింగ్స్ మారుస్త" అంటూ అల్లుడు ఫోను తీశాడు.

మామ మిషన్ పీకి ఆయన చేతిలో పెట్టాడు. "నా చెయ్యి నా చెవి కాడికి పోవాల్నంటే దీన్ని అడగాల్నా, బిడ్డా?"

డోలక్ వాయించే ఆయన్ని మామ తన పక్కకు పిలిచి కూర్చోబెట్టుకున్నాడు. ఒక చెయ్యి డోలక్ చెక్క మీద, ఇంకొకటి చెవి మీద పెట్టుకుని చరణం మళ్లీ మొదలుపెట్టాడు. రెండు చోట్ల తాళం జారింది. కానీ అది పాటే.

ప్రార్థన ముగిశాక సంఘం పెద్ద వచ్చి, మామ చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పాడు. "వచ్చే వారం గూడ నువ్వే ఎత్తుకో అన్న. డోలక్‌ను నీ పక్కకే కూసోబెడత."

అల్లుడు బయట నిలబడి, మిషన్ తన చెవిలో పెట్టుకుని, ఎవరికీ కాకుండా గాలికి వేళ్లు ఆడిస్తున్నాడు.