రెక్కల కింద కాళ్లు

వరసగా కరువు చూసిన తర్వాత ఆ ఏడు పుంగనూరు చుట్టూ వానలు విడవకుండా కురిశాయి. కుప్పం పోయే దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా, అటవీ శాఖ వాళ్లు పక్షుల కోసం కంచె వేసి వదిలిన చిన్న కుంట ఒకటి ఉండేది. మంచి వానలు పడితే కొన్ని నెలలు నీళ్లు, లేకపోతే పగుళ్లిచ్చిన బయలు. అది నిండిందని విని నాకు చూడాలనిపించింది. అప్పుడు నేను మదనపల్లెలో టీచరుని. ఆదివారం పుంగనూరు వెళ్లి మా నాయనను రమ్మన్నాను.

నాయనది ఇనుప సామాన్ల అంగడి. ఆదివారం కూడా తెరిచే మనిషి.

"నీళ్లు సూసేదానికి బస్సెక్కి పోవాల్నా?" అన్నాడు. అయినా చొక్కా మార్చుకుని వచ్చాడు.

కట్ట ఎక్కేదాకా ఏమీ కనిపించలేదు. ఎక్కగానే ఇద్దరం నిలబడిపోయాం. సగం మునిగిన తుమ్మచెట్లు కొంగలతో తెల్లబడిపోయి ఉన్నాయి. వాటి కింద ఈలలు వేస్తూ బాతులు. ఇన్నేళ్లూ మేకలు తిరిగిన నేలేనా ఇది అనిపించింది.

"సప్పుడు సేయకుండా కూసోండి సార్" అన్నాడు కట్ట మీదున్న కాపలా మనిషి.

కూర్చున్నాం. దగ్గర్లో కలువాకుల మీద ఒక నల్లటి పక్షి, రాగిరంగు రెక్కలతో, చాలా పొడవైన కాలివేళ్లతో మునగకుండా నడుస్తోంది. వెనకే దూది ఉండల్లాంటి పిల్లలు. అంతలో పైన గద్ద తిరిగింది. పక్షి చటుక్కున వంగి రెక్కలు కొద్దిగా ఎత్తింది. పిల్లలన్నీ పరిగెత్తి వాటి కింద దూరాయి. అది రెక్కలు బిగించి నిటారుగా లేచి, జమ్ముగడ్డిలోకి నడిచింది. రెక్కల కింద నుంచి పుల్లల్లాంటి కాళ్లు వేలాడుతున్నాయి.

నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "దానికి ఎన్ని కాళ్లుండాయో సూడమ్మా!"

"అది తల్లేనా?" అని కాపలా మనిషిని అడిగాను.

"కాదమ్మా, తండ్రి. ఆడది గుడ్లు పెట్టి పోతాది. పొదిగేది, సాకేది అంతా ఇదే."

 మా అమ్మ పోయేనాటికి నా చెల్లెలు చంటిపిల్ల. అంగట్లో మేకుల మూటల పక్కన దానికి ఉయ్యాల కట్టి, నాకు వంకర జడలు వేసి, నాయనే పెంచాడు. ఆ రోజుల గురించి ఎన్నడూ నోరు విప్పలేదు.

నాయన కాపలా మనిషితో, "మళ్లీ పెండ్లి సేసుకోమని దీనికి ఎవురూ సెప్పలేదా?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. ఆయన చూపు మాత్రం జమ్ము మీదే ఉంది.

"నీకప్పుడు భయం వేయలేదా నాయనా?" అని మెల్లగా అడిగాను.

"ఎందుకెయ్యదు? మీరు పండుకుంటే ఊపిరి ఆడతాండాదా లేదా అని ముక్కు కాడ ఏలు పెట్టి సూస్తా ఉంటి."

 పొద్దు వాలుతుండగా బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. కొండ మీద నుంచి వాన వస్తున్నట్టు చప్పుడు. నీళ్లు ఎర్రగా వణికాయి. నాయన చెప్పులు విడిచి లేచి నిలబడ్డాడు. ఎందుకని నేను అడగలేదు.

మరుసటి ఆదివారం ఆయన అంగడే తెరవలేదు. కుప్పంలో ఉన్న మా చెల్లెలినీ దాని పిల్లలనూ పిలుచుకుని కుంటకు పోయాడు. ఆ పక్షి ఆ రోజు కనబడనే లేదట. "మధ్యాన్నం దాకా ఎండలో కూసోబెట్నాడక్కా, పిల్లోల్లను దగ్గనీకుండా" అని చెల్లెలు ఫోన్లో ఒకటే గొణుగుడు.