ఆనందం మామ ఒప్పుకోని తొవ్వలు

“ఉప్పు ప్యాకెట్ తేనీకి మూడు లీటర్ల నీళ్లా? దుకాణం మేడిపల్లిల ఉన్నదా, మస్కట్‌ల ఉన్నదా?”

“యాడున్నా ఎండ ఎండే సత్యవ్వా. అసలు నువ్వు పొద్దుగాల అడగాలె. పదకొండు దాటింది. ఇగ నాలుగు దాక గా తొవ్వ బంద్.”

“అయితే కూర సప్పగ తిను!”

“తింట. సప్పగ తిని ఎవ్వడు సావలే.”

గోడ అవతల మా ఆనందం మామ, సత్యవ్వ అత్తల రోజువారీ ప్రసారం ఇది. మామకున్న జబ్బు ఒక్కటే: ఎక్కడ నడిచినా ఎడారిలో నడిచినట్టే నడుస్తాడు. ఎడారిలో సరదాగా కాలినడకన తిరగడానికి ఒమన్ వచ్చే విదేశీయుల వెంట నడుస్తూ పదమూడేళ్లు వాళ్లకు వండిపెట్టాడు. మనవాళ్లు ఎండ తప్పించుకోవడానికి కుర్చీ ఉద్యోగం వెతుక్కుంటారు. ఆ విదేశీయులేమో కుర్చీలో సంపాదించింది ఎండకు పోస్తారు. అందరూ దుబాయ్ నుంచి సెంటు సీసాలు తెస్తే, మామ ఒమన్ నుంచి నియమాలు తెచ్చాడు.

తొవ్వ ఎంచుకునేటప్పుడు దూరం కాదు, నీడ చూడాలట. అందుకే కూతవేటు దూరంలో ఉన్న బస్టాండుకు వేపచెట్లన్నీ చుట్టుకుంటూ కిలోమీటరున్నర నడుస్తాడు. బస్సు ఇంతవరకు దొరకలేదు. తెచ్చుకున్న నీళ్లు సగమైతే ఎక్కడున్నా వెనక్కి తిరగాలట. సొంత బావమరిది రాజేందర్ పెళ్లి ఊరేగింపులో సీసా సగమైంది. పెళ్లికొడుకు పక్కన నడుస్తున్న మనిషి గిర్రున తిరిగి ఇంటిదారి పట్టాడు. ఆల్బమ్‌లో మామ వీపు బాగా వచ్చింది.

ఇవన్నీ భరించవచ్చు. కానీ గడప దాటిన ప్రతివాణ్నీ ఆపుతాడు. “ఏ తొవ్వన పోతున్నవ్? ఎన్ని గంటలకు అస్తవ్?” జగిత్యాలలో డిగ్రీ మధ్యలో వదిలేసి వచ్చిన నన్ను, నువ్వు ఏ దారిన పోతున్నావని రోజుకు పదిమంది అడుగుతారు. పదకొండోవాడు మామ.

మే నెలలో ఒకరోజు పొద్దున్నే నాకు ఒళ్లు మండింది. “బోడగుట్ట ఎక్కుతున్న మామా. ఒక్కన్నే. ఒక్కటే సీసా. పన్నెండింటికి అస్త.”

ఇంట్లో దొంగలు పడ్డట్టు చూశాడు. “బోడగుట్టకా! ఆడ కోడిపిల్లకు సుత నీడ లేదు. తాటిచెట్ల పొంటి పో కొడుకా, కాలువ ఉంటది.”

“గుట్టకే పోత.”

నేను పోయింది మాత్రం కోరుట్లకు. జైపాల్ గాడి సెల్‌ఫోన్ దుకాణంలో, ఏసీ కింద, మామ కథలు చెప్పి అందరినీ నవ్వించాను. ఆయన ఫోన్ చేసి పీడిస్తాడని నా ఫోన్ ఆపేశాను కూడా.

మూడున్నరకు ఇంటికొస్తే సత్యవ్వ అత్త వాకిట్లో నిలబడి ఉంది.

“శ్రావణా, నువ్వు ఈడున్నవా? మరి ఆయన ఎవర్ని దేవులాడవోయిండు?”

“ఎప్పుడు?”

“ఒంటిగంటకు! పన్నెండుకు అస్తనంటివట. గంట సూసి, నిన్ను ఎతుక గుట్టకు పోయిండు.”

పదకొండు దాటితే ఉప్పు తేని మనిషి!

బండి గుట్ట కింద పడేసి పైకి పరుగెత్తాను. సగం ఎక్కేసరికే నాలుక అంగిలికి అంటుకుపోయింది. “మామా!” అని అరిచాను. బండల సందులోంచి జవాబొచ్చింది.

“ఉరుకకు! చెమట పోతది!”

ఆ గుట్ట మొత్తానికి ఉన్న ఒక్క జానెడు నీడా వెతికి పట్టుకుని కూర్చున్నాడు. తలమీద సిరిసిల్ల తువ్వాల. పెదాలు బీటలు వారాయి. పక్కన రెండు సీసాలు. ఒకటి ఖాళీ. రెండోదానికి మూతే తీయలేదు.

“గది తాగలేదేంది మామా?”

“గది నీది.”

సగం ఆయనకు బలవంతంగా తాగించి, మిగతాది నేను తాగాను. “కోరుట్ల పోయిన మామా. నీకు అబద్ధం చెప్పిన.”

తిడతాడనుకున్నాను. నన్ను పైనుంచి కిందికి, సామాను సరిచూసుకున్నట్టు చూశాడు.

“ఒమన్‌ల మా రూములో రామస్వామి అనెటోడు ఉండె. ఒకనాడు ఎవ్వలకు చెప్పకుంట క్యాంపు నుంచి నడిసి పోయిండు. మేము మూడు దిక్కులు దేవులాడినం. ఆయన నాలుగో దిక్కున ఉండె.”

ఖాళీ సీసాకు మూత బిగించాడు.

చల్లబడ్డాక చెయ్యి పట్టుకుని దించాను. అప్పుడు కూడా దగ్గరి దారి వద్దన్నాడు. గుట్ట కిందికి చేరాక ఆగి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

“కొడుకా, ఒక్కటి అడుగుత, కాదనకు. అబద్ధం చెప్పుడు నువ్వు ఎట్లాగూ మానవు. గని మల్ల చెప్పేటప్పుడు, జర చెట్లున్న తొవ్వ చెప్పు.”